రెండేళ్ళ బాబుతో సాయంత్రాలు: ఏం ఆడించాలి, ఫోన్ ఎంతవరకు?

నిజాంపేట అమ్మ:

అందరికీ నమస్తే. మా బాబుకి వచ్చే నెలలో రెండేళ్ళు నిండుతాయి. హైదరాబాద్‌లో నిజాంపేట వైపు నాలుగో అంతస్తు ఫ్లాట్ మాది. నాకు వారంలో సగం రోజులు ఇంటి నుంచే పని, మావారు ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. అత్తమ్మ మాతోనే ఉంటారు, మనవడంటే ప్రాణం, కానీ మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చుంటే లేవలేరు, వాడి వెనకాల తిరగలేరు.

పొద్దున పూట ఎలాగో గడిచిపోతుంది. అసలు సమస్య సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా. అమెరికా వాళ్ళతో నా కాల్స్ ఆ టైంలోనే, వంట ఆ టైంలోనే, వాడికి ఎక్కడలేని హుషారు వచ్చేదీ ఆ టైంలోనే. డ్రెస్ పట్టుకుని లాగుతాడు, ఎత్తుకోమంటాడు, ఎత్తుకుంటే పొయ్యి మీదికి చెయ్యి చాపుతాడు. చివరికి ఫోన్‌లో పాటలు పెట్టి సోఫాలో కూర్చోబెడితేనే నా చేతులు ఖాళీ అవుతాయి. రాత్రి అన్నానికి కూడా ఫోన్ చూపిస్తేనే నోరు తెరుస్తున్నాడు. ప్రకటన వస్తే దాన్ని దాటించడానికి ఎక్కడ నొక్కాలో వాడికి తెలుసు, మాటలు మాత్రం 'అమ్మ, నాన్న, నానమ్మ, కుక్క, దా, వద్దు' ఇంకో నాలుగైదు దగ్గరే ఆగాయి. అది చూస్తే టెన్షన్‌గా ఉంటోంది.

బొమ్మలు లేక కాదు. బ్యాటరీతో పాడేవి, ఏ బి సి డి చెప్పే లాప్‌టాప్ బొమ్మ, కార్లు, ఒక పెద్ద బుట్ట నిండా ఉన్నాయి. రెండు నిమిషాలు చూసి విసిరేస్తాడు. అదే వంటింట్లోకి వచ్చి జల్లెడ దొరికితే దాన్ని తల మీద పెట్టుకుని ఇల్లంతా తిరుగుతాడు.

నేను అడిగేది ఏంటంటే, నేను పక్కనే ఉండి నా పని చేసుకుంటూ వాడిని ఆడించే దారి ఏమైనా ఉందా? అన్నం తినేటప్పుడు ఫోన్ మాన్పించడం ఎలా? మా అమ్మానాన్న కరీంనగర్‌లో ఉంటారు, రోజూ వీడియో కాల్ చేస్తాం, అది కూడా స్క్రీన్ కిందకే వస్తుందా? ఆన్‌లైన్‌లో 'లెర్నింగ్ ట్యాబ్' అని ఒకటి చూశాను, రెండేళ్ళ పిల్లలకి పనికొస్తుందని రాశారు, కొనొచ్చా? ఫోన్ అసలు ఇవ్వొద్దు అని ఒక్క ముక్కలో తేల్చేయకండి, నాకున్న ఇద్దరు పెద్దవాళ్ళ చేతులతో ఏం చేయగలనో చెప్పండి.


బుజ్జిదాని నాన్న, బెంగళూరు:

అక్కా, మా పాపకి రెండున్నర. మధ్యాహ్నం తర్వాత పాప నా దగ్గరే, వంట కూడా నాదే, కాబట్టి మీరు చెప్పే ఐదు నుంచి ఎనిమిది నాకు బాగా తెలుసు.

మీ ప్రశ్నలోనే మీ జవాబు ఉంది చూడండి, జల్లెడ. ఈ వయసు వాళ్ళకి బొమ్మ కంటే మనం వాడే వస్తువు ముఖ్యం. మనం దేన్ని పట్టుకుంటే అది కావాలి. అందుకే నేను పాపని వంటింట్లోంచి బయటికి పంపే ప్రయత్నం చేయను, లోపలికే రానిచ్చి దానికి పని ఇస్తాను. పొయ్యికి దూరంగా, నాకు కనపడేలా ఒక మూల చాప వేసి అది దాని చోటు అని అలవాటు చేశాం. కింది అలమరలో ఒక అర దానిది. అందులో రెండు స్టీల్ గిన్నెలు, మూతలు, ఒక చెక్క గరిటె, జల్లెడ, పాత ప్లాస్టిక్ డబ్బాలు. కత్తి, గాజు, కుక్కర్ విజిల్ లాంటి చిన్నవి అక్కడికి రావు.

ఉల్లిపాయల పని గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మా ఇంట్లో బాగా నడిచేది అదే. ఒక బుట్టలో ఉల్లిపాయలు, బంగాళాదుంపలు కలిపి పెడతాను. పక్కన రెండు ఖాళీ గిన్నెలు. 'ఉల్లిపాయలు దీంట్లో వెయ్యి' అంటాను. మొదట్లో దేన్ని ఎందులో వేస్తుందో దానికి పట్టింపు లేదు, గిన్నెలో పడితే వచ్చే ఢాం అనే చప్పుడు కోసమే వేసేది. తర్వాత పై పొర తీయడం కనిపెట్టింది. ఆ ఎండు పొట్టు వేళ్ళతో పట్టుకుని లాగడం, అది చిరగడం, ఊదితే ఎగరడం, ఇది దానికి పెద్ద పని. నేను కూర తాలింపు వేసి మూత పెట్టేదాకా తల ఎత్తదు. మధ్యలో నేను చేయాల్సింది ఒక్కటే, దాని వంక చూసి 'ఓ, పెద్ద ఉల్లిపాయ!' అనడం. ఆ మాట పడకపోతే మాత్రం లేచి వచ్చి కాళ్ళకి చుట్టుకుంటుంది. పిల్లలకి మనం పూర్తిగా ఖాళీగా ఉండక్కర్లేదు, వాళ్ళు పిలిచినప్పుడు పలికితే చాలు అని నాకు అర్థమైంది.

ఇంకా ఏం చేయొచ్చంటే, చిక్కుడుకాయలు ఇస్తే తుంచుతారు, కొత్తిమీర ఆకులు గిల్లుతారు (సగం నేల మీదే, పర్వాలేదు), చపాతీ పిండి ముద్ద ఇస్తే ఒత్తుతారు. దుకాణంలో రంగుల పిండి కొనక్కర్లేదు, మన గోధుమపిండిలో కాస్త నూనె వేసి పసుపుతో ఒక ముద్ద, బీట్‌రూట్ రసంతో ఒక ముద్ద. ఉప్పు ఎక్కువ వేసే వంటకం ఇంటర్నెట్‌లో కనిపిస్తుంది, నిల్వ ఉంటుందని అలా వేస్తారు, కానీ ఈ వయసులో నోట్లో పెట్టుకుంటారు కాబట్టి ఉప్పు వేయకుండా ఏ రోజుకారోజు కలుపుకోవడమే మంచిది. బట్టలు ఆరేసేటప్పుడు క్లిప్పులు అందించే పని. ఉతికిన సాక్సులకి జత వెతికే పని. నీళ్ళయితే ఒక పళ్ళెంలో కొంచెం పోసి స్పాంజి, రెండు గ్లాసులు ఇస్తే చాలు, కానీ అది మీరు చెయ్యి చాపితే అందే దూరంలో ఉంటేనే. బాత్‌రూంలో నిండు బకెట్ అసలు ఉంచకండి, కొద్ది అంగుళాల నీళ్ళలో కూడా ఈ వయసు పిల్లలు మునిగిపోతారు, తల బరువుకి తలకిందులైతే మళ్ళీ లేవలేరు.

పప్పులు, శనగలు పోసి ఆడించే వీడియోలు చాలా తిరుగుతుంటాయి. దయచేసి వద్దు. ముక్కులో, చెవిలో దూర్చుకుంటారు, తడి తగిలి అవి ఉబ్బుతాయి. వేరుశెనగ గింజ ఊపిరిగొట్టంలోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

బొమ్మల బుట్ట విషయానికొస్తే, ముప్పావు వంతు తీసి అటక మీద పెట్టేయండి. నాలుగైదు మాత్రం బయట ఉంచి, వారం పది రోజులకి మార్చండి. అన్నీ కళ్ళ ముందు ఉంటే వాళ్ళు దేనితోనూ ఆడరు.


గోదారి అమ్మమ్మ, రాజమండ్రి:

అమ్మాయీ, ముందు మీ అత్తగారి సంగతి చెప్తాను, అందరూ పిల్లాడి గురించే చెప్తారు కాబట్టి. నాకూ మోకాళ్ళ నొప్పులే. ఇద్దరు మనవలు, ఒక మనవరాలు నా దగ్గర పెరిగారు. పరిగెత్తలేని మనిషి పిల్లల్ని ఆడించలేదు అనుకోవద్దు. మంచం మీదో కుర్చీలోనో కూర్చుని ఆడించే ఆటలు మనకి బోలెడు. కొంగు మొహం మీద వేసుకుని దోబూచులాడితే పిల్లాడు ఎన్నిసార్లైనా పకపకా నవ్వుతాడు. గుప్పెళ్ళు ఒకదాని మీద ఒకటి పెట్టి గుడుగుడు గుంచం ఆడించొచ్చు, వేళ్ళు ఒక్కొక్కటే మడిచి ఇది అన్నం తిన్నది, ఇది పాలు తాగింది అంటూ చక్కిలిగింత దాకా తీసుకెళ్ళొచ్చు. అక్కడికి చేరేలోపే వాడు నవ్వడం మొదలుపెడతాడు, ఎందుకంటే తర్వాత ఏం వస్తుందో వాడికి తెలుసు. అలా తెలియడమే వాడికి సరదా. కుర్చీ మెత్తగా ఎత్తుగా ఉండేది ఒకటి వంటింటి గుమ్మం దగ్గర వేయండి, ఆవిడ అక్కడ కూర్చుంటే నీకూ కనపడతారు, వాడికీ ఇద్దరూ దగ్గరున్నట్టు ఉంటుంది. 'నానమ్మకి గరిటె ఇచ్చిరా', 'అమ్మ దగ్గర టమాటా తెచ్చిపెట్టు' అని ఆవిడ పురమాయిస్తుంటే వాడు మీ ఇద్దరి మధ్య తిరుగుతూనే ఉంటాడు. వాడి పరుగు తీరుతుంది, ఆవిడ లేవక్కర్లేదు, పైగా మాట విని పని చేయడం వస్తుంది.

అన్నం సంగతి. తల్లీ, ఫోన్ చూస్తూ తినే పిల్లాడికి కడుపు నిండిందో లేదో తెలియదు, ఏం తింటున్నాడో అంతకన్నా తెలియదు. మాన్పించడానికి వేరే ఉపాయం ఏం లేదు, నెమ్మదిగా కాదు, ఒక్కసారే మానాలి, అందరూ ఒక మాట మీద ఉండి. ఒకరు దాచిపెడితే ఒకరు తీసి ఇస్తుంటే ఎప్పటికీ మానడు. కొన్ని రోజులు ఏడుస్తాడు, తక్కువ తింటాడు. భయపడకు, ఆరోగ్యంగా ఉన్న పిల్లాడు ఆకలితో ఉండిపోడు. అయితే ఇంకో సంగతి కూడా చూడాలి. సాయంత్రం బిస్కెట్లు, పాలసీసా మధ్య మధ్యలో పడుతుంటే రాత్రికి ఆకలి ఎక్కడిది? అన్నానికి ముందు ఓ రెండు గంటలు మంచినీళ్ళు తప్ప ఏం పెట్టకుండా చూడు.

వాడికంటూ ఒక చిన్న కంచం పెట్టి, నీ పక్కన కూర్చోబెట్టి, వాడి చేత్తో వాడినే తిననీ. పప్పన్నం చిన్న చిన్న ముద్దలు చేసి కంచం అంచున వరసగా పెడితే ఒక్కొక్కటే తీసుకుంటాడు. ఒళ్ళంతా పూసుకుంటాడు, కింద పాత దుప్పటి పరుచు. మధ్యలో నువ్వు కలిపిన ముద్ద ఒకటి నోట్లో పెట్టు. పావుగంట, ఇరవై నిమిషాలు అయ్యాక వద్దంటే వదిలెయ్యి, వెనకాల పడి తినిపించకు.

బొమ్మ కొనాలనిపిస్తే ఏటికొప్పాక లక్కబొమ్మలు కొను. అంకుడు కర్రతో చేసి లక్క పూస్తారు, చెట్ల నుంచి తీసిన రంగులు వాడతారు. ఒకదానిమీద ఒకటి పేర్చేవి, తోసుకుంటూ పోయేవి దొరుకుతాయి, చిన్న పూసలు ఊడేవి తీసుకోకు. కొండపల్లి బొమ్మలు చూడ్డానికి ఎంత బాగున్నా అవి తెల్లపొణికి చెక్కవి, మెత్తటి కర్ర, విరుగుతాయి, పైన రంగు ఉంటుంది, నోట్లో పెట్టుకునే వయసుకి కాదు. అవి బొమ్మల కొలువుకి.


స్పీచ్ థెరపిస్ట్, విజయవాడ:

నిజాంపేట అమ్మగారూ, మీరు రాసిన దానిలో నాకు ముందు కనిపించింది మాటల సంగతి, కాబట్టి అక్కడి నుంచి మొదలుపెడతాను. రెండేళ్ళు నిండేసరికి ఓ యాభై మాటలు, 'అమ్మ దా', 'పాలు కావాలి' లాంటి రెండు మాటల జోడింపు ఉండాలని మేం చూస్తాం. మీ బాబుకి పదీ పన్నెండు మాటలు ఉన్నాయంటున్నారు. దీని అర్థం పెద్ద సమస్య ఉందని కాదు, కానీ 'మగపిల్లలకి ఆలస్యంగా వస్తాయిలే' అని వదిలేయాల్సిందీ కాదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తున్నాడా, కావాల్సింది వేలు పెట్టి చూపిస్తున్నాడా, ఆకాశంలో విమానం కనపడితే మీకు చూపించి మీ మొహం చూస్తున్నాడా, ఈ మూడూ గమనించండి. మీ పిల్లల డాక్టర్‌ని ఒకసారి వినికిడి పరీక్ష, ఎదుగుదల పరీక్ష గురించి అడగండి. పదహారు నుంచి ముప్పై నెలల మధ్య పిల్లలకి ఆటిజం (నలుగురితో కలవడం, మాట్లాడటంలో తేడాగా ఉండే ఎదుగుదల స్థితి) లక్షణాలేమైనా ఉన్నాయేమో చూసే, ప్రశ్నల రూపంలో ఉండే ఎం-చాట్ అనే తనిఖీ ఉంది, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. హైదరాబాద్‌లోనే ఉన్నారు కాబట్టి అవసరమైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం నడిచే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. జిల్లాల్లో ఉన్నవాళ్ళకి ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద నడిచే డీఈఐసీ (ఎదుగుదల సమస్యల్ని ముందే గుర్తించే జిల్లా) కేంద్రాల్లో ఈ పరీక్షలు ఉచితం. ఫోన్ ఎక్కువ చూస్తే ఆటిజం లాంటి లక్షణాలు వస్తాయంటూ 'వర్చువల్ ఆటిజం' అనే మాట వాట్సాప్‌లో బాగా తిరుగుతోంది, దాన్ని చదివి కంగారుపడకండి. అది వైద్యంలో గుర్తించిన నిర్ధారణ కాదు. ఫోన్ వల్ల ఆటిజం వచ్చిందని తల్లుల్ని తప్పుపట్టే వాళ్ళ మాటలు అసలు పట్టించుకోకండి.

ఇప్పుడు స్క్రీన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం ఏడాది పిల్లలకి కూర్చోబెట్టి స్క్రీన్ చూపించడం వద్దు, రెండేళ్ళ నుంచి రోజుకి గంట మించకూడదు, ఎంత తక్కువైతే అంత మంచిది. భారతీయ శిశువైద్యుల సంఘం కూడా రెండేళ్ళ లోపు వద్దనే అంటుంది, ఒక్క మినహాయింపుతో: ఇంట్లోవాళ్ళతో వీడియో కాల్. మీ కరీంనగర్ ప్రశ్నకి జవాబు అదే, ఆనందంగా చేయండి.

ఎందుకు ఈ తేడా అంటే, 2003లో అమెరికాలో ప్యాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల పిల్లల మీద ఒక ప్రయోగం చేసింది. చైనా భాష మాట్లాడే మనిషి ఎదురుగా కూర్చుని ఆడించిన పిల్లలు ఆ భాషలోని ధ్వనుల్ని పట్టుకున్నారు. అవే మాటలు టీవీలో చూసిన పిల్లలకి ఏమీ రాలేదు. 2014లో రెండేళ్ళు, రెండున్నరేళ్ళ పిల్లలకి వీడియో చాట్‌లో కొత్త క్రియలు నేర్పి చూశారు. ఎదురుగా మనిషి ఉన్నప్పుడు నేర్చుకున్నారు, వీడియో చాట్‌లోనూ నేర్చుకున్నారు, కానీ ముందే రికార్డ్ చేసిన వీడియోలో అదే మనిషి అవే మాటలు చెప్తే నేర్చుకోలేదు. వాళ్ళు నవ్వినప్పుడు అవతలి మనిషి నవ్వాలి, వాళ్ళు చూపించిన దాని గురించి అవతలి మనిషి మాట్లాడాలి. పాటల వీడియో ఎంత బాగున్నా ఆ పని చేయలేదు.

కాబట్టి మీరు ఆ కాల్‌ని పావుగంట ఆటగా మార్చుకోండి. మీ నాన్నగారు 'బాబు ఏం చేస్తున్నాడు?' అని పదే పదే అడిగితే వాడు ఫోన్ వదిలి వెళ్ళిపోతాడు. అదే ఆయన టవల్ వెనకాల దాక్కుని బయటికి వస్తే, మీ అమ్మగారు బఠాణీ కాయ ఒలిచి లోపల గింజలు చూపిస్తే, పెరట్లో పిల్లి వస్తే దాని వైపు ఫోన్ తిప్పితే, వాడు నిలబడి చూస్తాడు. వాడి చేతిలో కూడా అలాంటి బఠాణీ కాయే ఉంటే ఇంకా మంచిది, పక్కన మీరో అత్తమ్మగారో ఉన్నారు కాబట్టి గింజలు నోట్లోకి పోకుండా చూస్తారు.

టీవీ మాట ఎవరూ ఎత్తలేదు. ఎవరూ చూడకపోయినా సీరియల్ మోగుతూ ఉండే ఇళ్ళు మన దగ్గర చాలా. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో, టీవీ మోగే ప్రతి గంటకీ పిల్లల చెవిన పడే పెద్దవాళ్ళ మాటలు సగటున 770 తగ్గాయి. పెద్దవాళ్ళ సీరియల్ పెద్దవాళ్ళ హక్కే, కానీ పిల్లాడు నిద్రపోయాక చూసుకుంటే వాడికి మేలు.

ఇంట్లో మీరు చేయగలిగింది చాలా తేలికైనది. వాడు ఒక మాట అంటే మీరు దానికి ఇంకో మాట చేర్చండి. 'కుక్క' అన్నాడా, 'నల్ల కుక్క', 'కుక్క పడుకుంది'. చెప్పు చెప్పు అని పరీక్ష పెట్టకండి. అడిగిన తర్వాత మనసులో ఐదు లెక్కపెట్టి ఆగండి, చాలామంది పిల్లలకి జవాబు వెతుక్కోడానికి అంత టైం కావాలి, మనం ఆ లోపే మనమే చెప్పేస్తాం.


నిజాంపేట అమ్మ:

అందరికీ పేరు పేరునా ధన్యవాదాలు. డాక్టర్ దగ్గర వచ్చే వారానికి టైం తీసుకున్నాను. కుర్చీ గుమ్మం దగ్గర వేయించాను, అత్తమ్మకి ఆ పురమాయింపుల ఆట భలే నచ్చింది, నిన్న మా ఇంట్లో ఉన్న గరిటెలన్నీ ఆవిడ ఒళ్ళోకే చేరాయి.

నా కాల్స్ ఉన్న రోజు గురించి మాత్రం ఇంకా ఒక ప్రశ్న. కొన్ని మీటింగ్‌లలో నేను మాట్లాడి తీరాలి, ఆ రోజు అత్తమ్మకి నొప్పి ఎక్కువగా ఉండి పడుకుంటే, ఓ ఇరవై నిమిషాలు ఫోనో టీవీయో పెట్టక తప్పదు. అప్పుడు ఏం పెట్టాలి, ఎలా పెడితే మంచిది? ఒకసారి పెడితే ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉంటుంది, తీసుకుంటే నేల మీద పడి దొర్లుతాడు. ట్యాబ్ గురించి కూడా ఎవరూ చెప్పలేదు.


డల్లాస్ బాబాయ్:

అమ్మా, నేను సాఫ్ట్‌వేర్ వాడిని, ఇద్దరు పిల్లల తండ్రిని, ఈ చివరి ప్రశ్నలు నాకు వదిలేయండి.

ట్యాబ్ కొనకండి. ఆ డబ్బుతో రెండు అట్టపుస్తకాలు, ఒక చిన్న బ్లూటూత్ స్పీకర్ వస్తాయి. పాడే మాట్లాడే బొమ్మలు, మామూలు బొమ్మలు, పుస్తకాలు ఇచ్చి తల్లిదండ్రులు పిల్లలతో ఎంత మాట్లాడుతున్నారో అమెరికాలో చూశారు, ఆ ఫలితం 2016లో వచ్చింది. బ్యాటరీ బొమ్మ ఉన్నప్పుడు తల్లిదండ్రుల మాటలు బాగా తగ్గాయి, పుస్తకం ఉన్నప్పుడు ఎక్కువ. బొమ్మ మాట్లాడుతుంటే మనం ఊరుకుంటాం, అంతే. పైగా ఈ చవక బొమ్మల్లో, రిమోట్లలో, పాటలు పాడే గ్రీటింగ్ కార్డుల్లో బటన్ బ్యాటరీలు ఉంటాయి, ఇది గట్టిగా చెప్తున్నాను. అది మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. మింగాడని అనుమానం వచ్చినా వాంతి చేయించొద్దు, వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి పరిగెత్తాలి. మీ ఇంట్లో ఉన్న ప్రతి బొమ్మకీ బ్యాటరీ మూతకి స్క్రూ ఉందో లేదో ఈ రోజే చూడండి. 2021 జనవరి నుంచి మన దేశంలో బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, కొనేటప్పుడు అది కూడా చూసుకోండి.

ఇక ఆ ఇరవై నిమిషాలు. నేలమీద దొర్లడం ఎందుకంటే, వాడికి అది ఎక్కడ అయిపోతుందో తెలియదు. యాప్ దానికదే తర్వాతి వీడియో పెడుతుంది, మధ్యలో మీరు లాక్కుంటారు, వాడి దృష్టిలో అది అన్యాయం. కాబట్టి అయిపోయేది పెట్టాలి. యూట్యూబ్‌లో వీడియో పైన ఆటోప్లే మీట ఉంటుంది, దాన్ని ఆపేయండి. అంతకంటే మంచిది, ముందే రెండు మూడు వీడియోలు మీరు చూసి, డౌన్‌లోడ్ చేసి, ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఇవ్వడం. ప్రకటన రాదు, ఇంకోటి రాదు. యూట్యూబ్ కిడ్స్ వాడేట్టయితే అందులో మీరు ఎంచుకున్న వీడియోలు మాత్రమే కనపడేలా పెట్టుకోవచ్చు, టైమర్ కూడా ఉంది. ఐఫోన్‌లో గైడెడ్ యాక్సెస్, ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్ అని సెట్టింగ్స్‌లో ఉంటాయి, అవి పెడితే వాడు ఆ ఒక్క యాప్ దాటి బయటికి రాలేడు. ఆఫీస్ మెయిల్స్ పోకుండా కూడా ఉంటాయి.

ఫోన్ చేతికి ఇవ్వడం కంటే దూరంగా టీవీలో పెట్టడం నాకు ఇష్టం. చేతిలో ఉంటే నొక్కడం, జరపడం అనే ఇంకో ఆట మొదలవుతుంది, దాన్ని మాన్పించడం ఇంకా కష్టం.

ఏం పెట్టాలి అంటే, నెమ్మదిగా సాగేవి. దృశ్యం క్షణక్షణం మారిపోతూ రంగులు మెరిసేవి వద్దు. మా ఇంట్లో అన్నిటికన్నా బాగా నడిచింది మా సొంత వీడియోలు. ఊళ్ళో మా నాన్న గేదెకి గడ్డి వేస్తుంటే మా తమ్ముడు కదలకుండా ఫోన్ పట్టుకుని తీశాడు. గడ్డి మోపు విప్పడం, గేదె తల ఊపుతూ నమలడం, మా నాన్న దాని మెడ నిమిరి 'తిను తిను' అనడం. మా చిన్నది ఇప్పటికీ అదే అడుగుతుంది. మీరు కూడా మీ నాన్నగారిని అడగండి, మొక్కలకి నీళ్ళు పోయడం, టీ పెట్టడం, ఏదైనా. వాడికి తెలిసిన మనుషులు, తెలిసిన పేర్లు. తర్వాత మీరు అదే పని ఇంట్లో చేసేటప్పుడు 'తాతయ్య కూడా ఇలాగే పోశాడు కదా' అని కలుపుకోవచ్చు.

నిజానికి ఆ ఇరవై నిమిషాలకి అసలు తెర లేకుండా కూడా ఒక దారి ఉంది, గొంతు. మీ అమ్మగారిని ఫోన్‌లో ఒక చిన్న కథ రికార్డ్ చేసి పంపమనండి, మధ్యలో మీ బాబు పేరు పెట్టి పిలుస్తూ. అది స్పీకర్‌లో పెట్టి, వాడి చేతికి పిండి ముద్ద గానీ గిన్నెలు గానీ ఇచ్చి చూడండి. కళ్ళూ చేతులూ ఖాళీగా ఉంటాయి కాబట్టి ఆడుతూనే వింటాడు. కథలకి ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ ఉంది, తెలుగులో బొమ్మల కథలు ఉచితం, చదవడానికి, డౌన్‌లోడ్ చేసుకోడానికి రెండింటికీ. మొదటి స్థాయి కథల్లో పేజీకి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి. అత్తమ్మగారు ఒళ్ళో కూర్చోబెట్టుకుని చదివితే మాత్రం రికార్డింగ్ కన్నా అదే మేలు.

ఆపే ముందు 'ఇది అయ్యాక టీవీకి టాటా చెప్పి నీళ్ళ ఆట' అని ముందే చెప్పండి. టీవీ మీట వాడి చేతే నొక్కించండి. ఆ వెంటనే చేతికి వేరే పని దొరకాలి, ఖాళీ ఇస్తే ఏడుపే.


బుజ్జిదాని నాన్న, బెంగళూరు:

బాబాయ్ గారు చెప్పిన దానికి ఒకటి కలుపుతాను. మీటింగ్ ఐదున్నరకి అనుకోండి, ఐదింటికే కిందికి తీసుకెళ్ళి పార్కింగ్‌లోనో పార్కులోనో పరిగెత్తించండి. ఈ వయసు పిల్లలు రోజు మొత్తంలో మూడు గంటలైనా ఒళ్ళు కదిలించాలని థెరపిస్ట్ గారు చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల్లోనే ఉంది. ఫ్లాట్‌లో మూతపడి ఉన్న పిల్లలకి సాయంత్రం వచ్చే హుషారు అదే. మట్టి, గడ్డి, చీమల బారు, ఎండుటాకులు, దారిలో దొరికిన ప్రతిదాని దగ్గరా ఆగుతాడు, ఆగనివ్వండి. వానాకాలంలో కుదరకపోతే ఇంట్లోనే దిండ్లు వరసగా పరిచి ఎక్కి దూకమనండి, నేల మీద రంగు టేపు గీత అంటించి దాని మీద నడవమనండి. అలిసిన పిల్లాడు ఉల్లిపాయల బుట్ట దగ్గర ఎక్కువసేపు కూర్చుంటాడు. నాలుగో అంతస్తు కాబట్టి బాల్కనీ గ్రిల్ సందులు, దాని పక్కన స్టూల్ లాంటివి ఏమీ లేకుండా చూసుకోండి.


నిజాంపేట అమ్మ:

ట్యాబ్ ఆలోచన వదిలేశాను. బ్యాటరీ మూతలు చూస్తే ఆ లాప్‌టాప్ బొమ్మకి స్క్రూ లేదు, తీసి పారేశాం. నాన్నకి ఫోన్ చేసి చెప్పాను, రేపు పొద్దున పెరట్లో బావి దగ్గర మొక్కలకి నీళ్ళు పోసేటప్పుడు వీడియో తీసి పంపుతానన్నారు, కథ అమ్మ చెప్తుందట. రాత్రి అన్నానికి ఫోన్ ఈ ఆదివారం నుంచి బంద్, ఆ రోజు మావారు ఇంట్లో ఉంటారు, ముగ్గురం ఒక మాట మీద ఉంటాం. అమ్మమ్మ గారూ, ఏడిస్తే మళ్ళీ ఇక్కడికే వచ్చి మిమ్మల్ని అడుగుతాను.


గోదారి అమ్మమ్మ, రాజమండ్రి:

అడుగు తల్లీ. ఆదివారం వాడికి ఇష్టమైన కూరే వండు, మొదటి రోజు కొత్త కూర వద్దు. మీ ఆయన ఫోన్ కూడా ఆ పూట పక్క గదిలో పెట్టమని చెప్పు.